బరువు తగ్గుటకు మాత్రలా, వ్యాయామమా?

పాలమూరు, నల్లగొండ మెట్టసీమలలో జొన్నరొట్టె తిని, దినమంతయు చేనిపని చేసి, సంతకు కాలినడకను పోయిన మన పెద్దలకు బరువు తగ్గించుకొను చింత యుండెడిది కాదు. తగినంత తిండి దొరకుటయే వారి చింత. నేడు నడక తగ్గినది. నూనె, చక్కెరల వాడుక పెరిగినది. కావున నొకే వీథిలో రక్తహీనతచే కృశించిన బాలికయు, స్థూలకాయముతో నాయాసపడు బాలుడును కానవచ్చుచున్నారు. ఇట్టి సమయమున మాత్ర మ్రింగి సన్నబడవచ్చునను ప్రకటనలను నమ్మవచ్చునా యని విచారింతము.

ఈ యాశ క్రొత్తది కాదు. 1933లో అమెరికాలో డైనైట్రోఫినాల్ అను మందు బరువు తగ్గుటకు ప్రసిద్ధి కెక్కెను. అది పొయ్యిలోని మంట వంటకు గాక వ్యర్థముగా పోవునట్లు దేహశక్తిని వేడిగా మార్చును. బరువు తగ్గిన మాట నిజమే. కాని కొందరికి కన్నులలో శుక్లములు కలిగెను. కొందరు తీవ్రజ్వరముచే మరణించిరి. 1938లో దానిని మనుష్యులు వాడరాదని నిషేధించిరి. 1997లో ఫెన్‌ఫ్లురమిన్ అను మందును గుండె కవాటములకు హాని చేయుటచే తొలగించిరి. సిబుట్రమిన్ అను మాత్రను మన దేశమున 2011లో నిషేధించిరి.

ఇప్పటి సెమాగ్లుటైడ్ వంటి మందులు ఆకలిని తగ్గించును. 2021లో ప్రకటింపబడిన పరిశోధనలో దానిని వాడినవారి బరువు 68 వారములలో నూటికి సుమారు 15 వంతులు తగ్గెను. అయితే మందు మానిన యేడాదిలో తగ్గిన దానిలో మూడింట రెండు వంతులు మరల వచ్చెను. స్థూలత వ్యాధిగా పరిణమించిన వారికి వైద్యుని పర్యవేక్షణలో నివి యుపకరించును. అంగడిలో కొని మ్రింగదగినవి కావు.

మరి వ్యాయామ మొక్కటియే చాలునా? లెక్క వేసి చూతము. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కాలరీల శక్తి యుండును. పెద్దవారొక గంట చురుకుగా నడచినచో రమారమి 200 కాలరీలు వ్యయమగును. గ్రాము నూనె 9 కాలరీల నిచ్చును గనుక, ఆ గంట నడక ఫలమును 22 గ్రాముల నూనె హరించును! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు వారమునకు అరకిలో తగ్గుట క్షేమమని చెప్పుచున్నది. అందులకు దినమునకు 550 కాలరీలు తగ్గవలెను. నడకవలన 200, తిండిలో 350 తగ్గించినచో లెక్క సరిపోవును. కావున వ్యాయామము, మితాహారము రెండును జోడెడ్ల వంటివి. అంతియే గాక, బరువు తగ్గకున్నను వ్యాయామము గుండెకు, కండరములకు, నిద్రకు మేలుచేయును. ఈ మేలు మాత్రచే రాదు.

విద్యార్థులారా! మీరు పెరుగు వయస్సువారు. ఉపవాసములు మీకు తగవు. బరువు పెరుగకుండ ఎత్తు పెరిగినను చాలమందికి దేహము సరియగును. 5 మొదలు 17 ఏండ్లవారు దినమున కొక గంట శ్రమింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపెను. చెడుగుడు, కోకో, తాడాట, గుట్ట యెక్కుట, బతుకమ్మ ఆట—వీనికి రొక్కము పనిలేదు. తలిదండ్రులారా! లావుగానున్న బిడ్డను పరిహసింపకుడు, వెంట నడువుడు. సిగ్గుపడిన బిడ్డయే రహస్యముగా మాత్రను వెదకును.