తాళంచెవి ఇచ్చే ముందు



షుగరు, బి.పి., జ్వరాల విషయంలో మనం ఎంతో జాగ్రత్త పడతాము. కాని ప్రపంచంలో 5 నుండి 29 ఏళ్ల వయసువారి మరణాలకు మొదటి కారణం ఏ జబ్బూ కాదు, రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2022లో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాలలో చనిపోయారు. వీరిలో నూటికి దాదాపు 44 మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే.

ఆ ఏడాది హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడిపినవారు కారు, ఎక్కి కూర్చున్నవారు. అందుకే ఈ పాఠం నడిపే కుర్రవాడికి మాత్రమే కాదు. వెనుక కూర్చునే స్నేహితునికి, చెల్లెలికి, తాళంచెవి ఇచ్చే తల్లిదండ్రులకు కూడా.

యౌవనస్థులకే ఎందుకు ఎక్కువ ప్రమాదం?

తొందరను అదుపుచేసే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. పైగా సందులోంచి వచ్చే ఆటోను, రోడ్డు దాటబోయే గేదెను ముందే పసిగట్టే అనుభవం కొత్తగా నేర్చినవారికి ఉండదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. బ్రేకు మీద కాలు పడేలోపే అంత దూరం గడిచిపోతుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక బండి ఆగడానికి నాలుగు రెట్ల దూరం కావాలి.

స్నేహితులు ఎక్కితే హుషారు పెరుగుతుంది. అమెరికాలో 16, 17 ఏళ్ల కారు డ్రైవర్లను పరిశీలించినప్పుడు, వెంట ఉన్నవారి సంఖ్య పెరిగేకొద్దీ ప్రాణాపాయం కూడా పెరిగినట్లు తేలింది. న్యూజిలాండ్‌లో 1987 నుండి కొత్త డ్రైవర్లకు రాత్రి ప్రయాణం మీద, స్నేహితులను ఎక్కించుకోవడం మీద కట్టడి ఉంది. మన దేశంలో లైసెన్సు వచ్చాక అటువంటి కట్టడి లేదు. కనుక ఆ నియమం ఇంట్లోనే పెట్టుకోవాలి.

ఇంటి నియమాలు

1. 18 ఏళ్లు నిండి, లైసెన్సు వచ్చేదాకా మోటారు సైకిల్ ఇవ్వకండి. 2019లో సవరించిన చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేక బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ. 25,000 జరిమానా పడవచ్చు.

2. బండి ఒకటైనా హెల్మెట్లు రెండు ఉండాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే హెల్మెట్ ఎగిరిపోతుంది. హెల్మెట్ తల గాయాల ముప్పును నూటికి 69 పాళ్లు, మరణం ముప్పును 42 పాళ్లు తగ్గిస్తుంది.

3. ముగ్గురు ఎక్కకూడదు. చట్టం వెనుక ఒక్కరినే అనుమతిస్తుంది. లైసెన్సు వచ్చిన మొదటి ఏడాది స్నేహితులెవరినీ ఎక్కించుకోకపోవడం మేలు.

4. పెండ్లిండ్లకు, క్రిస్మస్, కొత్త సంవత్సరం రాత్రులకు వెళ్లేటప్పుడు తిరుగు ప్రయాణం ఎలాగో ముందే మాట్లాడుకోండి. "ఏ వేళ ఫోన్ చేసినా వచ్చి తీసుకువెళ్తాము, ఆ రాత్రి ఏమీ అడగము" అని పిల్లలకు మాట ఇవ్వండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

వెనుక కూర్చునేవారికి

తాగినవాడి బండి ఎక్కకండి. వేగం పెరిగితే "ఆపు, నేను దిగుతాను" అని గట్టిగా చెప్పండి. మొహమాటమైతే "కడుపులో తిప్పుతోంది, కాస్త ఆపరా" అనండి. బండి ఆగిన తరువాత మళ్లీ ఎక్కకండి.

ప్రమాదం జరిగితే

వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మెడ కదపకండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. సాయం చేసినవారికి చట్టం రక్షణ ఇస్తుంది, కనుక కేసుల భయంతో వెనుకాడకండి.

ఈ పేజీని ఈ రాత్రి భోజనాల వేళ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. మీ ఇంట్లో హెల్మెట్లు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి.