26 సెకన్ల మెమరీ, గంట సంగీతం

డీజే షాడో అసలు పేరు జోష్ డేవిస్, ఊరు కాలిఫోర్నియాలోని డేవిస్. అతని తొలి ఆల్బం 'ఎండ్‌ట్రడ్యూసింగ్' 1996 సెప్టెంబరులో లండన్ కంపెనీ మో వాక్స్ ద్వారా వచ్చింది. గంటకు పైగా నడిచే ఈ హిప్ హాప్ ఆల్బంలో వరసపెట్టి పాడే ర్యాపర్ లేడు, వాద్యబృందం లేదు. ఉన్నదంతా దాదాపుగా పాత ఎల్పీల ముక్కలే. పూర్తిగా శాంపిళ్లతో, అంటే ఇలాంటి రికార్డు ముక్కలతో, చేసిన మొదటి ఆల్బమని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. రాసుకోనివ్వండి, అసలు సంగతి అది ఎలా కుదిరిందన్నది.

మొదట వెతుకులాట. శాక్రమెంటోలో రేర్ రికార్డ్స్ అనే దుకాణం ఉండేది, ఆల్బం అట్ట మీద ఫొటో అక్కడిదే. దాని సెల్లార్‌లో ఎవరికీ అక్కర్లేని ఎల్పీలు నిలువెత్తు గుట్టలుగా పడి ఉండేవి. 2001లో వచ్చిన 'స్క్రాచ్' డాక్యుమెంటరీలో షాడో ఆ గుట్టల మధ్యే కూర్చుని మాట్లాడతాడు. అంత దుమ్ములో వెతికేది మంచి పాట కోసం కాదు. గాయకుడు ఆగి, డ్రమ్ము ఒక్కటే వినిపించే రెండు మూడు క్షణాల కోసం. పాటగా తేలిపోయిన రికార్డులోనూ ఆ క్షణం అద్భుతంగా ఉండొచ్చు.

దొరికిన ముక్క ఎక్కేది అకాయ్ ఎంపీసీ60 శాంప్లర్‌లోకి. రోజర్ లిన్ రూపొందించిన ఈ యంత్రం మీద 16 రబ్బరు ప్యాడ్‌లు ఉంటాయి, ఒక్కో ప్యాడ్‌కు ఒక్కో శబ్దం. మెమరీ మాత్రం 13 సెకన్లు, పెంచుకుంటే 26. అందుకే ఆ కాలపు శాంప్లర్ వాళ్లకు ఒక చిట్కా అలవాటు: నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి ఎక్కించి, లోపల మళ్లీ కిందికి దించడం. 26 సెకన్ల చోటులో 35 సెకన్ల సరుకు పడుతుంది. నాణ్యత కాస్త పోతుంది. 12 బిట్ యంత్రం కావడంతో ఎలాగూ శబ్దం గరుకుగానే వస్తుంది. ఆ గరుకే ఆ తరం డ్రమ్ములకు బలం.

తర్వాత కోత. డ్రమ్ము ముక్కను అలాగే తిప్పి తిప్పి వాడితే అది లూప్, ఎవరైనా చేస్తారు. షాడో ఆ ముక్కలోని కిక్, స్నేర్, హై హ్యాట్ అనే డ్రమ్ము దెబ్బలను విడదీసి ప్యాడ్‌ల మీద పరిచి, వేళ్లతో కొత్త నడక వాయిస్తాడు. వాయించింది ఎప్పుడో ఎవరో డ్రమ్మరు, తాళం ఇతనిది.

నన్నడిగితే అన్నిటికన్నా కష్టం జత కుదర్చడం. ఈ యంత్రంలో వేగం మారిస్తే శ్రుతీ మారుతుంది. 33 నుంచి 45కు పోతే అయిదు స్వరస్థానాలు పైకి. రెండు రికార్డులు లయలో కలిస్తే శ్రుతిలో కలవవు, శ్రుతిలో కలిస్తే లయ తప్పుతుంది. ముక్కను ఇంకా చిన్న ముక్కలుగా కోసి, ఒక్కోదాన్నీ బీటు దగ్గర మళ్లీ మొదలుపెడితే కొంత సర్దుకుంటుంది. మిగిలిందంతా చెవి పని. 'మిడ్‌నైట్ ఇన్ ఎ పర్ఫెక్ట్ వరల్డ్'లో అమెరికన్ స్వరకర్త డేవిడ్ యాక్సెల్‌రాడ్ పియానో, ఫిన్లండ్ బేసిస్టు పెక్కా పొహ్యోలా సంగీతం, గాయని మెరెడిత్ మంక్ గొంతు ఒకే గదిలో కూర్చుని వాయించినట్టు కలిసిపోతాయి. అలా కలిసేవి ఏవో తెలియాలంటే ఎన్ని వేల రికార్డులు చెవిలో ఉండాలి!

1994లో అపార్ట్‌మెంట్‌లో మొదలైన పని, శాన్ ఫ్రాన్సిస్కోలో నిర్మాత డాన్ ది ఆటోమేటర్ ఇంటి స్టూడియో గ్లూ ఫ్యాక్టరీకి చేరింది. పొరలు పేర్చింది అలెసిస్ ఏడాట్ మీద. వీడియో క్యాసెట్ లాంటి టేపు మీద ఎనిమిది ట్రాకులు రికార్డు చేసే యంత్రం అది. శాంప్లర్‌లో చోటు లేకపోయినా, ఒక పొరను టేపుకెక్కించి మెమరీ ఖాళీ చేసుకుని ఇంకో పొరకు పోవచ్చు. టెక్నిక్స్ టర్న్‌టేబుల్‌తో చేసిన స్క్రాచింగ్ కూడా పాటల్లో కలిసింది.

వినాలనుకుంటే 'ఆర్గన్ డోనర్'తో మొదలుపెట్టండి, రెండు నిమిషాలే. కానీ దానికి ముందు, అందులోని ఆర్గన్‌కు మూలమైన జోర్జియో మోరోడర్ 'టియర్స్' వినండి. ఆ ఆర్గన్‌ను షాడో ఎక్కడెక్కడ కోశాడో, కోసిన ముక్కలతో కొత్తగా ఏం వాయించాడో మీకే తెలిసిపోతుంది.