తిరుగు టికెట్టును గూర్చి మనుమనికి వ్రాసిన జాబు

తిరుచానూరు



నీ జాబు చేరినది. తిరుపతిలో ట్రావెల్సు ఆఫీసున కుదురుకొని, టికెట్ల పనితోపాటు వీసా దరఖాస్తులు నింపుటయు నేర్చుకొనుచున్నావని తెలిసి సంతసించితిని. పదేండ్ల వీసా చేతనున్న ముసలి దంపతులను సయితము చెన్నై విమానాశ్రయపు కౌంటరులో “రిటర్న్ టికెట్ ఏది?” అని యేల నిలవేయుదురని అడిగితివి. రెండు ముక్కలలో తేల్చవచ్చును గాని, ఒరుల దరఖాస్తులు నింపుటలోనే ఆయువులో పెద్దపాలు వెచ్చించినవాడను గనుక కొంత విస్తరించియే వ్రాయుచున్నాను.

పరదేశమునకు పోవు మనిషి తాను అక్కడ చేరు తేదీని గూర్చి తపించును. అతనిని రానిచ్చు దేశమో, అతడు వెడలు తేదీని గూర్చియే విచారించును. వీసాల శాస్త్రమంతయు ఈ విచారణమునుండి పుట్టినదే.

కుమార్తె పురిటికనియో, మనుమల ఆలనాపాలనకనియో మన వైపునుండి అమెరికా పోవు పెద్దల పాస్‌పోర్టులలో అతికియుండు సందర్శక వీసా సాధారణముగా 10 సంవత్సరములు చెల్లును. ఆ అంకె చూచి, అన్నియేండ్లును అక్కడ ఉండవచ్చునని మురియువారు పెక్కురు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులోనికి పోవుటకిచ్చిన టోకెను, సన్నిధిలో ఎంతసేపు నిలువవచ్చునో చెప్పదు. “జరగండి, జరగండి” అనుటకు లోపల వేరొకరుందురు గదా! అట్లే వీసా యనునది ఆ దేశపు వాకిటివరకు పోయి ప్రవేశము కోరుటకు అనుమతి మాత్రమే. లోపల ఎన్నాళ్లుండవచ్చునో విమానము దిగినచోట అధికారి నిర్ణయించును. అది తరచుగా ఆరునెలలు. దాని నమోదునకే ఐ-94 అని పేరు. 2013 నుండి విమానమున పోవువారికి ఆ కాగితపు చీటీ చేతికీయక కంప్యూటరులోనే వ్రాసి ఉంచుచున్నారు గనుక, చేరిన దినముననే దానిని పిల్లలచేత తీయించి, అందలి గడువును వంటింటి క్యాలెండరులో గుర్తుపెట్టుకొనుడని పెద్దలకు తప్పక చెప్పుము. గడువు ఒక్కదినము దాటినను ఆ పదేండ్ల వీసా రద్దగును. 180 దినములకు మించి చట్టవిరుద్ధముగ నిలిచి వెడలినచో మూడేండ్లు, ఏడాది నిండినచో పదేండ్లు మరల అడుగిడనీయరని 1996 నాటి చట్టము. అనారోగ్యాది కారణములచే ఉండవలసి వచ్చినచో గడువు తీరకమునుపే పొడిగింపునకు దరఖాస్తు పెట్టవలెను గాని, పదేండ్ల ముద్రను నమ్ముకొని కూర్చుండరాదు. వీసాకై చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణలు, వచ్చిన పిదప నూటయెనిమిది చేయువారిని నేను ఆక్షేపింపను. ఆ నూటయెనిమిదింటికైనను వేళకు తిరిగి రావలెనుగదా అని మాత్రము గుర్తుచేయుదును.

ఇక కౌంటరులోని ప్రశ్న. అది ఆ గుమాస్తా చాదస్తము కాదు. 1944లో చికాగోలో కుదిరిన అంతర్జాతీయ విమానయాన ఒడంబడికకు తొమ్మిదవ అనుబంధమొకటి కలదు. దాని ప్రకారము, దిగిన దేశమువారు ప్రవేశము నిరాకరించిన ప్రయాణికుని మరల గొనిపోవు భారము అతనిని తెచ్చిన విమానసంస్థపైననే పడును. పత్రములు సరిలేనివారిని తెచ్చినచో పలుదేశములు జరిమానాయు వేయును. అందుచేత గుమాస్తా నీ పాస్‌పోర్టు చేతబట్టి తెరపై టిమాటిక్ అను పట్టికను తెరచి, ఏ దేశపు పౌరుడు ఏ దేశమునకు పోవుటకు ఏయే పత్రములు కావలెనో చూచును. అందు ‘తిరుగు టికెట్టుగాని, ముందుకు పోవు టికెట్టుగాని’ అని యున్నచో, అర్ధరాత్రివేళ పెట్టెలు తూకముపై పెట్టిన తరువాతనైనను నిన్ను ప్రక్కకు నిలుపును. ఎంత వాదించినను బోర్డింగు పాసు చేతికి రాదు.

ముందుకు పోవు టికెట్టన్నచోట కొత్తవారు పొరబడుదురు. బాలికి పోవువానికి దిగినచోటనే 30 దినముల వీసా ఇచ్చెదరు, ఒకమారు పొడిగింపును కలదు. కాని వెడలు టికెట్టు చూపవలెను. అగ్గువయని బాలినుండి సింగపూరుకు టికెట్టు వేసి చేతులు దులుపుకొన్నచో, సింగపూరు వీసా యేదని అడుగుదురు. తరువాతి దేశమున ప్రవేశార్హత లేనివానికి ఆ టికెట్టు ఉత్త కాగితము.

డమ్మీ టికెట్టును గూర్చియు అడిగితివి. ఐరోపాలోని షెన్‌గెన్ దేశముల వీసాకు దరఖాస్తు పెట్టునపుడు, వీసా రాకమునుపే సొమ్మంతయు కట్టి టికెట్టు కొననవసరము లేదు. విమానసంస్థ పుస్తకములలో నిజముగా నిలిచియున్న రిజర్వేషను చాలును. అది ధర్మమైన మార్గము. పాత టికెట్టుపై పేరు, తేదీ మార్చి అచ్చువేసి యిచ్చుట ఫోర్జరీ. అడిగినవాడు బంధువైనను చేయవద్దు. ఆ దేశములలో ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి ఉండరాదు. 2025 అక్టోబరు 12 నుండి రాకపోకలు యంత్రములలో నమోదగుచున్నవి గనుక, ముద్ర పడలేదను సాకు ఇక చెల్లదు.

ఇవన్నియు కలిగినవారి కష్టములు. రాజంపేట, రాయచోటి, కోడూరు ప్రాంతములనుండి కువైటుకు పోవు పేదల మాట వేరు. పదవతరగతి దాటనివారి పాస్‌పోర్టున ఇ.సి.ఆర్. అను మూడక్షరములుండును, కువైటుతో కూడిన 18 దేశములకు వారు కొలువునకై పోవుటకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము క్రింద అనుమతి పొందవలెను, 30 ఏండ్లు నిండని స్త్రీలకు ఆ అనుమతియే లేదు. కొలువునకు కాక చూచివచ్చుటకు పోవువారిని మాత్రము, 2007 అక్టోబరు 1 నుండి, వీసాయు తిరుగు టికెట్టును చూపినచో పోనిచ్చుచున్నారు. ఈ సందుననే బ్రోకరు దూరును. అనుమతి దొరకని స్త్రీకి విజిట్ వీసా తెప్పించి, విమానాశ్రయమున చూపుటకు తిరుగు టికెట్టొకటి వేయించి, ఆమె విమానమెక్కగానే దానిని రద్దుచేసి సొమ్ము తాను పుచ్చుకొనును. అకామా యను నివాసానుమతి లేని ఆమె దొరయింటి నాలుగు గోడల నడుమ చిక్కి, జీతమడిగినచో పోలీసు భయము చూపబడి, తుదకు పారిపోయి, పత్రములు లేని ‘ఖల్లివెల్లి’ అనిపించుకొనును. 2018లోను, 2024లోను కువైటు ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినపుడు జరిమానా లేక తిరిగివచ్చు అవకాశము ఇట్టివారికి కలిగినది. అనుమతితో పోయినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా కలదు. ఈమెకు అదియు లేదు. మనిషిని క్షేమముగా రప్పింపవలెనని పెట్టిన నిబంధనమే ఆమెను దాటించుటకు ముసుగైనది. డమ్మీ టికెట్టు విషయమున నేనింత కటువుగా వ్రాయుటకు కారణమిదియే.

కనుక నాయనా, ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుతో ఎవరైన నీ బల్లముందు నిలిచి కువైటుకు విజిట్ వీసాపై రానుపోను టికెట్టు కావలెనన్నచో, అక్కడ ఏమి పనియని ముందుగా అడుగుము. కొలువుకే యని తేలినచో, కమీషను ఎంత వచ్చునదైనను ఆ టికెట్టు వేయవద్దు. ప్రభుత్వపు ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంటు ద్వారా పొమ్మని చెప్పి, సందేహమున్నచో హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ కార్యాలయపు చిరునామా వ్రాసి యిమ్ము.

ఇట్లు,
మీ తాత