గుర్తు గీసినవారి కూలి



వెన్న శాతం, లాక్టోమీటరు, బోనసు లెక్కలను గురించి తరచు చెప్పుకుంటూనే ఉంటాం. ఈసారి సంఘం పేరుపలక మీద, పాలక్యాన్ల మీద వేయించుకునే గుర్తును గురించి ముచ్చటించుకుందాం.

సంస్థలు విద్యార్థుల చేత గుర్తు గీయించుకోవడం కొత్త విషయం కాదు. 1971లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో జరిగిన సంగతి చూడండి. అక్కడి విశ్వవిద్యాలయంలో అకౌంటింగు బోధించిన ఫిల్ నైట్, జపాను నుండి బూట్లు తెప్పించి అమ్మేవారు. తరువాత సొంత బూట్లకు ఒక గుర్తు కావలసి వచ్చింది. అదే విశ్వవిద్యాలయంలో గ్రాఫిక్ డిజైన్ చదువుతున్న కారొలిన్ డేవిడ్సన్‌కు గంటకు 2 డాలర్ల చొప్పున ఆ పని అప్పగించారు. గుర్తులో కదలిక కనిపించాలి. ఆడిడాస్ వారి మూడు చారలను పోలి ఉండరాదు. ఆమె బూటు బొమ్మ గీసి, దానిపై పల్చని కాగితం పరచి, ఒక్కొక్క నమూనా వేసి చూసుకుంది. తెచ్చినవాటిలో ఏదీ నైట్ గారికి అంతగా నచ్చలేదు. వ్యవధి లేక ఒకటి ఎంచుకున్నారు. నేడు మన సంతల్లో టోపీల మీద కూడా కనిపించే నైకీ వంకర గీత అదే. (నైకీ అంటే గ్రీకుల విజయదేవత. మన 'విజయ' పాలకు దూరపు చుట్టమన్నమాట!)

ఆమెకు ముట్టింది 35 డాలర్లు, అప్పటి లెక్కన సుమారు 260 రూపాయలు. 1983లో కంపెనీ ఆమెను పిలిచి, ఆ గుర్తు గల వజ్రపుటుంగరాన్ని, కొన్ని వాటాలను ఇచ్చింది.

ఆ పల్చని కాగితం పద్ధతి మనకూ పనికివస్తుంది. గుర్తు ఎక్కడ ఉండవలసి ఉందో అక్కడే పెట్టి చూడాలి. డ్రాయింగు కాగితం మీద ఆవు, దూడ, సూర్యోదయం, వరికంకులు అన్నీ ముద్దుగానే ఉంటాయి. క్యాను మూత మీద ఒకే రంగుతో వేస్తే మచ్చలా తేలుతుంది. వేడినీళ్ళు, సోడాతో రోజూ కడిగే క్యాను మీద సన్నని గీతలు ఎన్నాళ్ళు నిలుస్తాయి?

ఇక నా సంగతి. కొన్నేళ్ళ క్రితం ఒక సంఘం తనిఖీకి వెళ్ళాను. ఒక సభ్యుని కుమారుడు తన కాలేజీ ప్రాజెక్టుగా సంఘానికి గుర్తు గీసి ఇచ్చాడు. ఒక చెంబు, దాని అంచు నుండి జారుతున్న ఒక చుక్క, అంతే. చక్కని గుర్తు. అతనికి 500 రూపాయలిచ్చిన ఓచరు ఉంది, పాలకవర్గ తీర్మానం లేదు. నేను అభ్యంతరం రాశాను. ఆ సొమ్మును తండ్రి పాల బిల్లులో కోసుకున్నారు.

“గుర్తు కూడా చెరిపెయ్యమంటారా సార్?” అని అడిగాడు కార్యదర్శి. జవాబు చెప్పలేకపోయాను.

నిబంధన ప్రకారం నేను రాసింది సరియైనదే. కానీ కుర్రవాడి పని సంఘానికి దక్కింది, కూలి దక్కలేదు. అందుచేత గుర్తు గీయించదలచిన సంఘాలు ముందుగానే తీర్మానం రాసి, ఇచ్చే సొమ్మెంతో అందులో చూపాలి. కాపీరైటు బదిలీ లిఖితపూర్వకంగా ఉండాలని 1957 చట్టం చెబుతుంది గనుక, గీసినవారి సంతకంతో ఒక పత్రం కూడా ఫైలులో ఉంచుకోవాలి. తీర్మానం మరచి చెల్లించి ఉంటే, తరువాతి పాలకవర్గ సమావేశంలో పెట్టి ఆమోదం పొందవచ్చు. ఆ రోజు నా తనిఖీ నివేదికలో ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ 500 రూపాయలు ఆ ఇంట్లోనే ఉండేవి.