ఆబోతుకూ నీడ కావాలి

మా ఊళ్ళలో ఆవుకు చూలు నిలవకపోతే తప్పంతా ఆవుదే అంటారు. రెండు మూడుసార్లు మళ్ళీ ఎదకు వస్తే సంతకు తోలేస్తారు. జీవశాస్త్ర పాఠం చదివాక మేము ఆబోతు సంగతి కూడా ఆలోచించాము.

ఆబోతు శరీర ఉష్ణోగ్రత సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్. వీర్యకణాలు సరిగా తయారు కావాలంటే వృషణాలు అంతకంటే 2 నుండి 6 డిగ్రీలు చల్లగా ఉండాలి. అందుకే అవి శరీరం వెలుపల, ముష్కగోణిలో ఉంటాయి. ఎండకు ఈ తిత్తి కిందికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. వృషణంలోని సన్నని నాళికలలో వీర్యకణం తయారవడానికి సుమారు 61 రోజులు పడుతుంది. ఆ తరువాత ఎపిడిడిమిస్‌లో వారం పది రోజులు ఉండి, ఈదే శక్తి పొందుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. మే నెల ఎండకు దెబ్బతిన్న కణాలు జూన్, జూలై నెలల్లో బయటకు వస్తాయి. అప్పటికి వానలు పడి ఆబోతు చూడటానికి బాగానే ఉంటుంది. కానీ చూలు నిలవదు!

కాబట్టి మిత్రులారా, వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆబోతును నీడన కట్టి, చల్లని నీళ్ళు పెట్టమని పెద్దలకు చెబుదాం. ఆవును అమ్మే ముందు ఒకసారి పశువైద్యునికి చూపిద్దాం.