బరువెక్కిన చేతులు

పాఠభాగములు: నిర్గమకాండము 4:10-16, 17:8-13

మనము నేర్చిన పనియే మనకు చేతకాదేమో అను సందేహము ఒక్కొక్కప్పుడు మనలను క్రుంగదీయును. బడిలో కొత్తగా చేరిన ఉపాధ్యాయునికిని, ఆసుపత్రిలో మొదటి రాత్రి డ్యూటీకి వెళ్లు నర్సుకును ఇది కలుగును. మోషేకును కలిగెను. తనకు మాటనేర్పు లేదని అతడు వెనుదీసెను. దేవుడు అతని నాలుకను మార్చినట్లు అక్కడ చదువము. అహరోనును తోడిచ్చెనని చదువుదుము. అప్పటికే అహరోను అతనిని కలిసికొన వచ్చుచుండెను.

తరువాత రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధము జరుగుచుండగా మోషే చేతులు బరువెక్కెను. అహరోను, హూరు అతని పనిని తామే తీసికొనలేదు. అతడు కూర్చుండుటకు రాయి వేసిరి. చెరియొక ప్రక్కను నిలిచి, ప్రొద్దు గ్రుంకువరకు ఆ చేతులను పట్టుకొనిరి.

స్నేహధర్మ మిదియే. పనిని లాగుకొనుట కాదు, పనివానిని నిలబెట్టుట. “భయపడకు” అని చెప్పి వెళ్లిపోయిన చాలదు, రాయి వేయవలెను. రేపటి పాఠమును ఈ రాత్రి అతడు చెప్పి చూచుకొనగా కూర్చుండి వినుటయు ఒక రాయియే.

మోషే ఆ చేతులను త్రోసివేయలేదు. మన సందేహమును ఇద్దరు ఆప్తులతో చెప్పుకొనుట మనకును సిగ్గు కాదు.

ఆలోచించుడి: మన సంఘములో నేడు ఎవరి చేతులు బరువెక్కుచున్నవి?