రిలేకు ముందు ఒక ట్రాన్సిస్టర్

మన ఉచిత శిక్షణలో పిల్లలు తరచూ చేసే పొరపాటు, ఆర్డుయినో పిన్నుకు రిలేను నేరుగా కలపడం. పిన్ను నుంచి 20 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోకూడదు. చిన్న 5 వోల్టుల రిలే కాయిల్‌కు సుమారు 70 కావాలి. బోర్డు పాడైపోవచ్చు.

అందుకే మధ్యలో బీసీ 547 ట్రాన్సిస్టర్ పెట్టాలి. పిన్ను నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా బేస్‌కు 4 మిల్లీఆంపియర్లు అందితే చాలు. కాయిల్‌ ఒక కొస 5 వోల్టుల సప్లైకి, రెండోది కలెక్టర్‌కు, ఎమిటర్ గ్రౌండ్‌కు కలపాలి. కాయిల్ రెండు కొసల మధ్య డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కు ఉండేలా, తప్పనిసరి. రిలే ఆపగానే పుట్టే ఎదురు వోల్టేజీ నుంచి ట్రాన్సిస్టర్‌ను అదే కాపాడుతుంది.

దాతలారా, ఈ పాఠం వంటబడితే మీరిచ్చిన ఒక్క బోర్డుపై ఎందరో నేర్చుకుంటారు. అల్లాహ్ దీన్ని మీకు సదఖా జారియాగా స్వీకరించుగాక.